రావద్దంటే రెట్టింపు

మా ఆయన పోయాక చాలా కాలం పలాసలో జీడిపిక్కలు కొట్టాను. పిక్కల జీడి అంటి కాలిన మచ్చలు వేళ్ల మీద ఇంకా పోలేదు. ఇప్పుడు పెళ్లిళ్లకు, గృహప్రవేశాలకు రంగుల ముగ్గులు వేస్తున్నాను. డిజైను నాదే, రేటు చెప్పేదీ నేనే. చదువు మాత్రం అంతంతే, అందుకే నేను చెబుతుంటే మా కూతురు రాస్తోంది.

మొన్న పెళ్లిళ్ల రోజుల్లో సోంపేట నుంచి ఒకావిడ వచ్చింది, పెళ్లికూతురి తల్లి. నా ముగ్గు ఎవరి ఫోనులోనో చూసిందట. వాకిలి కొలత చెప్పింది, నెమళ్లు వద్దంది, కొబ్బరిపూత కావాలంది. రేటుకీ ఒప్పుకుంది. లేవబోతూ నా నుదుటి వైపు చూసి ఆగిపోయింది.

“ఏటీ అనుకోకే అమ్మీ. శుభమా అని పెళ్లి. నువ్వు వాకిట్లోకి రాకు. కాగితం మీద గీసిత్తే మా ఆడపిల్లలు ఏసుకుంతారు. నువ్వు రానక్కర్లేదు కదా, సగం ఇత్తాను.”

నా గీత కావాలి, నేను వద్దు. పైగా దానికి తగ్గింపు. ఆ బేరం పోతే మళ్లీ పిక్కల దగ్గరికే పోవాలేమో. అయినా నోరు ఊరుకోలేదు.

“రాను పిన్నీ. కానీ రేటు పెరుగుతాది. నేనొచ్చి ఏత్తే ఆ ముగ్గు ఆ పూటకే. కాగితం ఇత్తే మీ సుట్టాలందరి వాకిళ్లకీ ఎల్లిపోతాది. రెట్టింపు ఇవ్వాల.”

నాకు పొగరని తిట్టుకుంటూ వెళ్లిపోయింది. ఇక సోంపేటలో ఎవరూ పిలవరని మా కూతురు ఏడుపు ముఖం పెట్టింది.

పెళ్లి దగ్గర పడ్డాక ఆవిడే మళ్లీ వచ్చింది. పిల్లలు ఫోనులో బొమ్మ చూసి వేసి చూస్తే, కొలత కుదరక ముగ్గు సగం వాకిలికే సరిపోయిందట. అడిగినంతా చేతిలో పెట్టింది. నేను గీసి చూపిన కాగితం మూలనున్న జీడిపిక్క బొమ్మ ఏమిటని అడిగింది. అది నా సంతకం అన్నాను. తీసెయ్యమంది.

“పిక్క తీత్తే కాగితం లేదు పిన్నీ. నీ డబ్బు నువ్వు తీసుకెల్లిపో.”

డబ్బు తీసుకోలేదు, కాగితమే పట్టుకెళ్లింది.

పెళ్లినాడు పనేమీ లేకపోయినా ఆటో ఎక్కి ఆ వీధిన పోయాను. గేటు పక్కన, చుట్టాలు చెప్పులు విడిచే చోట నా పిక్క ఉంది. పసుపు రంగు పూశారు. జీడిపిక్కకు పసుపు రంగేమిటో. ఆటో ఆపమనలేదు.

ఇప్పుడు ఎవరొచ్చినా ముందే చెప్పేస్తున్నాను. నేను వచ్చి వేస్తే ఒక రేటు. నన్ను రావద్దంటే రెట్టింపు.