చావింటి కాఫీ

మా అత్తగారు వజీహా అమెరికాలో డియర్‌బోర్న్ ఊరి కార్ల ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్ళు సీట్లు కుట్టింది. నోరు గయ్యాళిదే గానీ మనసు వెన్న. మా అరబ్బుల వీధిలో ఏ ఇంట చావు జరిగినా కాఫీ ఆవిడే కాచాలి. చావింటి కాఫీలో పంచదార పడకూడదు. వచ్చినవాళ్ళు ఆ చేదు చిన్న గిన్నెడు తాగి, "దేవుడు కరుణించుగాక" అని గిన్నె తిరిగివ్వాలి. అంతే.

ఆ మంగళవారం చావు మా ఇంటికే వచ్చింది. యూరప్‌లో ఒక రైల్వే స్టేషన్లో ఎవడో దుర్మార్గుడు మా మతం పేరు చెప్పుకుని బాంబు పేల్చాడు. పదహారు మంది పోయారు. అందులో మా అత్తగారి చెల్లెలి కొడుకు నిజార్ ఒకడు. స్టేషన్ హోటల్లో రొట్టెలు కాల్చేవాడు. ఆదివారం ఆదివారం ఫోన్ చేసి, "పెద్దమ్మా, ఇంకా ఎవరిని తిడుతున్నావ్?" అని ఏడిపించేవాడు.

మసీదు హాల్లో మూడు రోజుల పరామర్శకి కుర్చీలు వేశాం. రెండో రోజు పొద్దున్నే కమిటీ సెక్రటరీ ఫాయెజ్ ఒక కాగితం పట్టుకుని ఊడిపడ్డాడు.

"అక్కా, టీవీవాళ్ళు వస్తున్నారు. 'మేం ఖండిస్తున్నాం' అని ఈ నాలుగు ముక్కలు చదివెయ్. లేకపోతే మనందరి మీదా పడతారు."

"నా బిడ్డ పోతే నేను సంజాయిషీ చెప్పుకోవాలట్రా?"

"అలా కాదక్కా..."

"మరెలా? వాణ్ణి చంపినవాడికి నేనేమవుతాను? నా ఏడుపు కూడా నన్ను ఏడవనివ్వరా?"

ఫాయెజ్ వింటేగా! టీవీవాళ్ళకి మర్యాద చెయ్యాలని బల్ల నిండా మిఠాయిలు పేర్చాడు, కాఫీలో పంచదార కుమ్మరించాడు. చూసి నాకు ఒళ్ళు మండిపోయింది. అత్తగారు ఒక్క గుక్క రుచి చూసి, కాఫీ మొత్తం తొట్లో పారబోసింది.

"ఎవరి పెళ్ళిరా ఇది?" అని అరిచి, మళ్ళీ పొయ్యి వెలిగించింది.

ఇంతలో టీవీ అమ్మాయి రానే వచ్చింది. పలకరింపూ లేదు, పరామర్శా లేదు. తిన్నగా అత్తగారి మూతి దగ్గర మైకు పెట్టి, "ఈ దాడిని మీవాళ్ళు ఖండిస్తున్నారా?" అంది.

"పోయినవాళ్ళ పేర్లు తెలుసా అమ్మాయ్?"

"ఫోన్లో ఉన్నాయండి."

"చదువు."

చదివింది. తొమ్మిదో పేరు "నిజార్ షమ్మాస్" అని ఆగిపోయింది. బల్ల మీద మా నిజార్ ఫొటో కింద అదే పేరుంది.

అత్తగారు గిన్నెలో చేదు కాఫీ పోసి చేతికిచ్చింది. "మావాళ్ళు ఎవరో తెలిసిందిగా. ఇప్పుడడుగు."

ఆ పిల్ల మైకు దించి, మొహం చిట్లించుకుంటూనే ఆఖరి బొట్టుదాకా తాగింది. గిన్నె తిరిగిస్తూ ఏమనాలని నన్నడిగితే చెప్పాను. "దేవుడు కరుణించుగాక" అంది. అప్పటిదాకా కంటతడి పెట్టని మా అత్తగారు ఖాళీ గిన్నె పట్టుకుని భోరుమంది.

సాయంత్రం వార్తల్లో ఇదేమీ రాలేదు. ఫాయెజ్ కాగితం చదవడం మాత్రం వేశారు. నిజార్ పేరు లేదు.

అత్తగారు టీవీ కట్టేసింది. "రేపొక్క రోజుంది. గింజలు వేయించవే. ఎవడొచ్చినా ముందు మన నిజార్ పేరు చెప్పాకే కాఫీ."