పాలు పొంగిన రోజు తనిఖీకి వెళ్లకూడదు

నేను రిటైర్ కావడానికి రెండేళ్ల ముందు, జూన్ మొదటి సోమవారం, నన్ను ఖమ్మం బ్రాంచిలో గృహరుణాల ఫీల్డ్ ఆఫీసరుగా రెండోసారి వేశారు. రెండోసారి అనడంలో కొంత సిగ్గు ఉంది, అది తర్వాత చెబుతాను. ఫీల్డ్ ఆఫీసరంటే మేనేజరు కింద, గుమస్తాల పైన ఉండే మనిషి. మధ్యాహ్నాలు ఎండలో తిరిగి, కడుతున్న ఇళ్లు చూసి, చూసింది చూసినట్టు రాయడం అతని పని. 'ఇల్లు కట్టి చూడు' అన్నారు పెద్దలు. ఈ రోజుల్లో కట్టేది ఒకరు, కొనేది ఒకరు, చూడమని జీతం ఇచ్చేది నాలాంటివాడికి.

కడుతున్న ఇంటికి బ్యాంకు రుణం ఒకేసారి ఇవ్వదు. పునాదికి ఇంత, స్లాబుకి ఇంత, గోడలకి ఇంత అని విడతలుగా నేరుగా బిల్డరుకే పంపుతుంది. ఆఖరి విడత కదలాలంటే ముఖ్యంగా రెండు కాగితాలు కావాలి. ఒకటి నా తనిఖీ నివేదిక. రెండోది 'ఇల్లు పూర్తయింది, స్వాధీనం చేసుకున్నాను' అని కొన్నవారు రాసే స్వాధీన పత్రం. ఈ రెండోది బరువైన కాగితం. దాని మీద సంతకం పడితే ఆలస్యానికి బిల్డరు నెలనెలా ఇవ్వాల్సిన పరిహారం ఆగిపోతుంది. మిగిలిన పనులకు అతన్ని పట్టుకునే పట్టు కూడా పోతుంది.

ఆ వారమే సరోజన నా టేబుల్ దగ్గరికి వచ్చింది. ఆమె స్టాఫ్ నర్సు. దుమ్ముగూడెంలో తొమ్మిదేళ్లు చేసి ఖమ్మం దవాఖానాకు బదిలీ అయింది. ఆ ఏజెన్సీ ప్రాంతంలో గిరిజనులు కానివారి పేరున భూమి రిజిస్టరు కాదు కాబట్టి ఆ వైపు ఉద్యోగులు చాలామంది ఖమ్మంలోనే ఇల్లు కొంటారు. ఆమె కూడా ఊరి చివర కడుతున్న అపార్టుమెంటులో రెండో అంతస్తు ఫ్లాటు కొన్నది. బిల్డరు పేరు ప్రభాకర్. దసరాకి ఇస్తానన్నాడు, తర్వాత ఉగాదికన్నాడు. ఉగాది పోయి జ్యేష్ఠం వచ్చింది. ఆమె కిరాయికి ఉంటున్న ఇంటి ఓనరేమో నెలాఖరుకి ఖాళీ చేయమన్నాడు.

ఆమె వెనక, అప్పుడే భద్రాచలం బస్సు దిగివచ్చిన ఆమె అత్తగారు సీతమ్మ, ఒళ్లో సంచి పెట్టుకుని కూర్చుంది.

"సార్, స్వాధీన పత్రం మీద సంతకం పెట్టిచ్చిన. శుక్రవారం పొద్దుగాల ముహూర్తం. మీరు జల్దీ చూసి రాస్తే తాళం ఇస్తనన్నడు" అంది సరోజన.

ఇల్లు చూశారా అని అడిగాను. చూసిందట. లైట్లు పెట్టాడట. కొంచెం పని మిగిలింది, పాలు పొంగించినంక చేసిపెడతనన్నాడట.

ఆ మాట నేను ముందే విన్నాను. మొదటిసారి ఇదే కుర్చీలో ఉన్నప్పుడు, బోనకల్‌లో పనిచేసే ఒక మాస్టారు ఖమ్మంలో ఫ్లాటు కొన్నారు. గృహప్రవేశానికి నన్నూ పిలిచారు. ఒకే తిరుగుడులో రెండు పనులూ అవుతాయని ఆ రోజే తనిఖీ పెట్టుకున్నాను. గుమ్మానికి తోరణాలు, బాల్కనీకి సీరియల్ లైట్లు, విస్తట్లో బూరెలు. ఉప్పు తిన్న నోటితో 'నిర్మాణం సంపూర్ణం' అని రాశాను. బిల్డరు డబ్బు అందుకున్నాడు. ఏరు దాటేదాకా ఓడ మల్లన్న, దాటినాక బోడి మల్లన్న. లిఫ్టు పెట్టకుండానే పదకొండు నెలలు గడిపాడు. ఒకసారి వేరే పని మీద అక్కడికి వెళ్తే, మాస్టారి భార్య మోకాళ్లు పట్టుకుని మెట్ల మధ్యలో కూర్చుని ఉంది, పక్కన కూరగాయల సంచి. నన్ను చూసి, రండి మంచినీళ్లు తాగి వెళ్లండి అంది. తిట్టినా బాగుండేది.

కాబట్టి బుధవారం మధ్యాహ్నం, ముందురోజు బాగా వాన పడి ఉంది కనక, అత్తాకోడళ్లనిద్దరినీ రమ్మని ఫ్లాటుకి వెళ్లాను. ప్రభాకర్ అప్పటికే సీరియల్ లైట్లు కట్టించాడు. స్విచ్ వేస్తే ఇల్లంతా వెలిగింది. ఆ కరెంటు ఎక్కడినుంచి వస్తోందో చూద్దామని వైరు పట్టుకుని కిందికి దిగితే అది వాచ్‌మన్ షెడ్డులోకి పోయింది. కట్టేటప్పుడు వాడుకోవడానికి ఇచ్చే తాత్కాలిక కనెక్షన్ అది, బిల్డరు ఎప్పుడు తీసేస్తే అప్పుడు చీకటే. ఫ్లాట్ల మీటర్లు ఉండాల్సిన పెట్టె తెరిస్తే అందులో పావురం గూడు పెట్టుకుంది. వంటింటి కుళాయి రెండు నిమిషాలు పారి, గాలి ఊదింది. బోరుకి మోటారే లేదు, పైన ఒక డ్రమ్ములో ట్యాంకరు నీళ్లు పోసి ఉంచారు.

నాకొక పద్ధతి ఉంది. బాత్‌రూంలో చెంబెడు నీళ్లు ఒంపి ఎటు పోతాయో చూస్తాను. అవి తూము వైపు వెళ్లకుండా గడప దాటి హాల్లోకి వచ్చాయి. ఈలోగా సీతమ్మ బాల్కనీ పక్క గోడకి అరచెయ్యి ఆనించి, ఆ చెయ్యి కొంగుకి తుడుచుకుంది.

"గోడ ఇంకా పచ్చిగనే ఉంది సరోజా" అంది.

బ్రాంచికి తిరిగివచ్చాక ఉన్న సంగతి చెప్పాను. నా నివేదికలో పూర్తి కాలేదని రాస్తాను. కానీ కొన్నవారే పూర్తయిందని రాసిచ్చాక, ఆఫీసరు అడ్డం పడినా ఆ ఫైలు ఎక్కువ రోజులు ఆగదు. మా మేనేజరుకి జూన్ ఆఖరులోగా ఇంత రుణం విడుదల కావాలనే లక్ష్యం ఉంది, ఆయనకి ఆమె సంతకం చాలు. బ్యాంకు దాని మీద చర్య తీసుకునేలోపు ఆ పత్రాన్ని ఆమె రాతపూర్వకంగా వెనక్కి తీసుకోవచ్చు. అలా తీసుకుంటే ప్రభాకర్ తాళం ఇవ్వడు, ముహూర్తం పోతుంది. తీసుకోమనీ వద్దనీ చెప్పే అధికారం నాకు లేదు. బోనకల్ మాస్టారి సంగతి మాత్రం దాచకుండా చెప్పాను, నా బూరెలతో సహా.

"ఆషాఢం పడితే లేదు, అటెన్క మూఢం. మళ్ల కార్తీకమే" అంది సీతమ్మ, ఎవరితోనూ కానట్టు.

సరోజన అత్తగారి వైపు తిరిగింది.

"ముహూర్తం కోసమని రోజులు నిండకముందే కోయించుకున్న కాన్పులు నేను చూసిన అత్తమ్మా. పిల్లని అద్దాల పెట్టెల పెట్టేది మేము. ముహూర్తం పెట్టినాయన ఆ దిక్కు రాడు."

నన్ను తెల్లకాగితం అడిగి, పత్రాన్ని ఉపసంహరించుకుంటున్నానని రెండు ప్రతులు రాసింది. ఒకదాని మీద బ్యాంకు ముద్ర వేయించుకుని సంచిలో పెట్టుకుంది.

ఆ సాయంత్రమే ప్రభాకర్ వచ్చాడు. ఒక ఆడమనిషికి ముహూర్తం తప్పించిన పాపం నాదేనన్నాడు. నాకు ఒళ్లు మండింది. అయినా మాట తూలకుండా, మిగిలిన పదిహేడు పనుల జాబితా చేతికిచ్చి, అందినట్టు సంతకం పెట్టించుకున్నాను. మేనేజరు జాబితా చదివి, కొనుగోలుదారు పత్రమే లేనప్పుడు నేను మాత్రం ఏం చేస్తాను అని ఫైలు పక్కన పెట్టాడు. నిజానికి లక్ష్యం తప్పినా సరే, అలాంటి ఒక సాకు ఆయనకీ కావాలని నాకు అనుమానం.

శుక్రవారం ముహూర్తం పోయింది. ఆ పొద్దున ఆమె కావాలని కాన్పుల వార్డులో డ్యూటీ వేయించుకుందని తర్వాత తెలిసింది. సీతమ్మ నాలుగు రోజులు కోడలితో మాట్లాడలేదట. నెలాఖరున కిరాయి ఇల్లు ఖాళీ చేసి, తోటి నర్సు ఇంట్లో ఒక గదిలో సర్దుకున్నారు. సరోజన భర్త మిర్చి యార్డులో గుమస్తా. మంచాలు, పరుపులు, బీరువా అక్కడే తెలిసిన సేటు గోదాములో మిరప బస్తాల పక్కన పడేశాడు.

ముహూర్తం దగ్గరికి వస్తే ఆమే పరుగెత్తుకొస్తుందని ప్రభాకర్ లెక్క. ముహూర్తమే వద్దన్న మనిషిని దేనితో బెదిరించాలో అతనికి తెలియలేదు. పది రోజులు బిగుసుకుని కూర్చున్నాడు. ఈలోగా అదే అపార్టుమెంటులో కొన్నవాళ్లు ఇద్దరు నా దగ్గరికి వచ్చి, ఆ నర్సమ్మ రాసిన కాగితం ఎట్ల రాయాలి సార్ అని అడిగారు. మూడు ఫ్లాట్ల ఆఖరి విడతలు ఆగేసరికి బోరుకి మోటారు వచ్చింది. నేను మూడుసార్లు తనిఖీకి వెళ్లాను. రెండుసార్లు పూర్తి కాలేదనే రాశాను. మూడోసారి మీటర్లు బిగించి ఉన్నాయి, చెంబులో నీళ్లు ఒంపితే తూములోకే పోయాయి. ఆ రోజు సరోజన స్వాధీన పత్రం మళ్లీ రాసింది. ఈసారి తాళం ముందు తీసుకుని, సంతకం తర్వాత పెట్టింది.

అప్పటికి ఆషాఢం మూడో వారం. ఇక కార్తీకందాకా ఆగుతారనుకున్నాను. మర్నాడే ఫోను.

"సార్, రేపే పాలు పొంగిద్దామంటుంది అత్తమ్మ."

ఆషాఢంలోనా అన్నాను.

"అవ్ సార్. గోదాముల పరుపులు పాడైతున్నయంట."

భోజనానికి రమ్మన్నారు. వెళ్లలేదు. రెండు రోజులాగి, మామూలు పనిదినాన వెళ్లాను. ఆషాఢంలో అత్తాకోడళ్లు ఒకే గడప దాటకూడదంటారు కదమ్మా అని సీతమ్మని ఆటపట్టించాను. అది కొత్త కోడళ్లకు, ఈమె పాతదైపోయింది అందామె. వంటింటి కుళాయి తిప్పి, చెంబు నిండేదాకా దాని వైపే చూసి, ఆ నీళ్లు నాకిచ్చింది. తాగుతుంటే నాకు తుమ్ము వచ్చింది. పరుపుల్లో ఇంకా మిరప ఘాటు పోలేదు.

ఆ తర్వాత ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ ఆఖరి తనిఖీ ఎప్పుడూ గృహప్రవేశం నాడు పెట్టుకోలేదు. వాన పడిన మర్నాడు, ఇంట్లో పండగ లేని పూట వెళ్లేవాణ్ణి. కొన్నవారి తొందరే బిల్డరు చేతిలో తాళంచెవి. ఆ తొందర వదులుకోవడానికి సరోజనకి ఒక్క మధ్యాహ్నం పట్టింది. నాకు ఈ నియమం నేర్చుకోవడానికి సగం ఉద్యోగం పట్టింది. బోనకల్ మాస్టారి ఇంటి విషయంలో బిల్డరు పదకొండు నెలలు ఆలస్యం చేశాడని ఫైలులో ఉంటుంది. ఆ ఆలస్యానికి సంతకం పెట్టింది నేనని కూడా అదే ఫైలులో ఉంటుంది.