కంప్యూటరుకు దొంగ జ్వరం

హనుమకొండలో ఒక చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసులో నా ఉద్యోగం. జీతమిచ్చే ఆ పని కన్నా, పైసా రాని ఇంకో పని మీద నాకు మమకారం ఎక్కువ. దేశానికొకరు చొప్పున కూర్చుని రాసి, ఎవరు అడిగినా ఉచితంగా ఇచ్చే ఒక ఆపరేటింగ్ సిస్టమ్ ఉంది. దానికి నేనూ కోడ్ రాస్తాను. దాన్ని వాడేవాళ్లు తక్కువ, దాని గురించి వాదించుకునేవాళ్లు ఎక్కువ. నేను ముందు పేరు తెచ్చుకున్నది వాదనలోనే.

కంప్యూటర్ లోపల వేడి ఎంతుందో, ఫ్యాను తిరుగుతోందో లేదో చూసే చిప్పు ఒకటి ఉంటుంది. అది చెప్పేదాన్ని చదివే కోడ్ రాశాను. అంతటితో ఊరుకుంటే బాగుండేది. వేడి హద్దు దాటితే, సిస్టమ్‌కు గుండెకాయ లాంటి కెర్నలే ఎవరినీ అడగకుండా మిషన్‌ను ఆపేసేలా ఇంకో ముక్క చేర్చాను.

ఆ సిస్టమ్ రాసేవాళ్లంతా ఈమెయిళ్లలో మాట్లాడుకునే మా మెయిలింగ్ లిస్టులో, దానికి ఒక పెద్దాయన ఒప్పుకోలేదు. ఎక్కడో చలిదేశంలో ఉంటాడు, ఆ సిస్టమ్‌ను మొదటినుంచీ కనిపెట్టుకుని ఉన్నవాడు. "కెర్నల్ పని ఉన్నది ఉన్నట్టు చెప్పడం. ఏం చేయాలో వాడేవాళ్లు చూసుకుంటారు" అని రాశాడు, అంతే. నేను మాత్రం "మంచులో కూర్చున్న మీకు వరంగల్ ఎండ ఏం తెలుసు" అని మొదలుపెట్టి, ఒక వ్యాసమే రాసి పంపాను. బ్యాంకు నుంచి వచ్చిన మా ఆవిడ నన్ను చూసి ఆగింది.

"ఎవలతోని గంత కొట్లాట?"

"కొట్లాట కాదు. డిజైన్ మీద చర్చ."

"మరి మొఖం గట్ల ఎర్రగైందేంది? జర నీళ్లు తాగు."

అదే రోజుల్లో, ఎనుమాముల మార్కెట్లో కమీషన్ దుకాణం నడిపే మా బామ్మర్ది కంప్యూటర్ ఒకసారి చూసి పొమ్మన్నాడు. మిర్చి సీజన్, ఎండ, దుమ్ము! నా కోడ్‌కు ఇంతకన్నా మంచి పరీక్ష దొరకదనిపించింది. అందులో నా సిస్టమ్ ఎక్కించాను.

"పాతదే మంచిగ నడుస్తాంది గద బావా" అన్నాడు బామ్మర్ది.

"ఇది దాన్నదే కాపాడుకుంటది" అన్నాను. అక్క మొగుణ్ణి కదా, ఎదురు చెప్పలేదు.

కొన్నాళ్లు అంతా బాగానే నడిచింది. తర్వాత ఒకరోజు పొద్దున ఫోను.

"బావా, మిషన్ బంద్ అయితాంది. ఆన్ జేస్తే మల్ల బంద్ అయితాంది. రైతులు లైన్ల నిలబడ్డరు."

సిగ్గుపడాల్సింది పోయి, సంబరపడ్డాను. "వేడెక్కి ఉంటది. నా కోడ్ పనిచేస్తాంది!"

"పనిచేస్త లేదు బావా, గదే చెప్తున్న."

బండి మీద పోయాను. మిర్చి ఘాటుకు తుమ్ముతూ మిషన్ మీద చెయ్యి పెడితే చల్లగా ఉంది. బామ్మర్ది దాని ఎదురుగా కూలర్ పెట్టించాడు. మూత విప్పి, కోడ్‌తో పోల్చి చూస్తే సంగతి తెలిసింది. ఆ చిప్పుకు వేడి చూసే తీగలు కొన్ని కలపాలి. అందులో ఒకచోట తీగే లేదు. తీగ లేని చోట చిప్పు నోటికొచ్చిన అంకె చెబుతుంది. అన్నాళ్లూ సున్నా అన్నది, ఆ రోజు నూట ఇరవై ఏడు డిగ్రీలంది. నా కెర్నల్ నమ్మేసింది.

లైన్లో ముందున్న పరకాల రైతు ఓపిక పట్టలేక అడిగాడు. "ఏమైంది సారూ దానికి?"

"జ్వరమనుకొని పండుకున్నది."

"మరి జ్వరమున్నదా?"

"లేదు."

"మరెందుకు పన్నది?"

"నేనే పండుమన్న."

ఆయన నన్ను పైనుంచి కిందికి చూసి, బామ్మర్ది వైపు తిరిగాడు. "ఈయన మీకు సుట్టమా?"

"మా బావ" అన్నాడు బామ్మర్ది, బాగా చిన్న గొంతుతో.

అక్కడే ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, తుమ్ముల మధ్య, మిషన్‌ను ఆపేసే ఆ ముక్క తీసేశాను. మిషన్ నడిచింది. లైను కదిలింది.

మర్నాడు జరిగినదంతా లిస్టుకు రాశాను. వ్యాసం కన్నా ఈ నాలుగు ముక్కలకే ఎక్కువసేపు పట్టింది. అందరూ నవ్వుతారని భయపడ్డాను. కొందరు నవ్వారు కూడా. పెద్దాయన మాత్రం, ఒకప్పుడు తనూ ఇలాంటిదే రాశాననీ, మంచు కురుస్తుంటే తన సర్వర్ వేడెక్కిందని ఆగిపోయిందనీ చెప్పాడు. వేడిని చదివే కోడ్ బాగుంది, తీసుకుంటానన్నాడు. ఆపే ముక్కను విడి ప్రోగ్రాంగా రాస్తే కావలసినవాళ్లు పెట్టుకుంటారన్నాడు.

ఈ అనుభవం ముందే చెప్పొచ్చు కదా అని అడిగాను.

"చెబుదామనే అనుకున్నాను. మీ మెయిల్ చదవడం ఇంకా పూర్తి కాలేదు" అని జవాబిచ్చాడు.

నా కోడ్ సిస్టమ్‌లో చేరింది. ఇప్పుడు వేడిని సెల్సియస్‌లో చూపించాలా, కెల్విన్‌లోనా అని లిస్టులో కొత్త గొడవ. నేను కెల్విన్ పక్షాన గట్టిగా నిలబడ్డాను. ఎందుకో నాకే సరిగా తెలియదు.

బామ్మర్ది దుకాణంలో ఇప్పుడు మళ్లీ పాత సిస్టమే నడుస్తోంది. ఎనుమాముల పోయినప్పుడల్లా చాయ్ తెప్పిస్తాడు, మర్యాదకు ఏ లోటూ లేదు. కాకపోతే నాకు కుర్చీ మాత్రం కంప్యూటర్‌కు దూరంగా, కాంటా పక్కన వేయిస్తాడు.