తిట్టే డాక్టరు మీద మా అత్త రివ్యూ

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఈ సంగతి ముందే చెప్పేయడం మంచిది, ఎందుకంటే ఇది ఒక కోపిష్టి డాక్టరు సీరియల్ మీద రాసిన రివ్యూ కథ. ఆ రివ్యూ రాసింది నేనే. తప్పుగా రాసిందీ నేనే.

నెల్లూరు వైపు కోట అనే ఊళ్లో జూనియర్ కాలేజీ పిల్లలకి తెలుగు చెబుతాను. సెలవు రోజుల్లో ఒక వెబ్ పత్రికకి ఓటీటీ సీరియళ్ల మీద రాస్తాను. ఒకరోజు ఆ పత్రికవాళ్లు ఫోన్ చేశారు. ఏదో దేశపు ఆసుపత్రి సీరియల్ తెలుగులోకి డబ్ అయి వచ్చిందట, జనం రెండుగా చీలి కొట్టుకుంటున్నారట, మీరూ ఓ చెయ్యి వేయండి అన్నారు. అందులో హీరో పెద్ద డాక్టరు. ఎవరికీ అంతుపట్టని జబ్బుల్ని పట్టేస్తాడు. నోరు తెరిస్తే మాత్రం తిట్లే. రోగిని తిడతాడు, రోగి తల్లిని తిడతాడు, తన కింద పనిచేసే చిన్న డాక్టర్లనైతే చెప్పక్కర్లేదు.

చూసే ముందే మిగతావాళ్లు ఏం రాశారో చదివేస్తాను, అదొక పాడు అలవాటు. ఒకాయన హీరోని ఆకాశానికెత్తేశాడు. మొహమాటం లేకుండా నిజం చెప్పే మనిషి ఇన్నాళ్లకి తెర మీద కనిపించాడట. ఇంకొకావిడ, తెలివి ఉంటే పొగరు చెల్లుతుందని నేర్పే సీరియల్ ఇది అని ఏకిపారేసింది. ఒక డాక్టరుగారు మొదటి ఎపిసోడ్‌లో వైద్యం తప్పులన్నీ ఏరి పెట్టి, అయినా రెండోది చూడకుండా ఉండలేకపోయానని చివర్లో ఒప్పుకున్నాడు. నటుణ్ణి అందరూ మెచ్చుకున్నారు. ప్రతి కథా ఒకే అచ్చులో పోసినట్టుందని అందరూ సణిగారు.

నా కన్ను ఇంకోచోట పడింది. అసలు భాషలో నువ్వు, మీరు అనే తేడా లేదు. తెలుగు చేసేటప్పుడు ఏదో ఒకటి తేల్చుకోక తప్పదు కదా. డబ్బింగ్ వాళ్లకి ధైర్యం చాల్లేదేమో, హీరో చేత అందరినీ మీరు అనిపించారు. "మీరు శుద్ధ మూర్ఖులండీ!" అని గొంతు చించుకుంటాడు ఆయన. ఎన్నిసార్లు చూసినా నాకు నవ్వాగేది కాదు.

ఆ రోజుల్లో మా మేనత్త నా దగ్గరే ఉంది. మా నాన్న చదువుకుని బయటపడ్డాడు గానీ ఆమె పులికాట్ ఒడ్డున చేపల పల్లెలోనే మెట్టింది, వలలు అల్లుతూ, చేపలు ఎండబెడుతూ అరవై దాటింది. బీపీ బాగా ఎక్కువుందని పల్లెకొచ్చిన నర్సు చెబితే, నెల్లూరులో చూపిద్దామని నేనే తీసుకొచ్చుకున్నాను. నేను చూపించిన డాక్టరుకి హస్తవాసి మంచిదని ఊరంతా చెప్పుకుంటారు. నోటివాసి సంగతి ఎవరూ చెప్పలేదు.

మొదటిసారి మాత్రలు రాసి, ఉప్పు మానెయ్యమన్నాడు. నెల తర్వాత రెండోసారి వెళితే బీపీ తగ్గకపోగా ఇంకా ఎక్కింది. ఆయనకీ కోపం ఎక్కింది. తలుపు తెరిచే ఉంది, బయట బెంచీల నిండా జనం. "మాత్రలు మింగట్లేదు నువ్వు. నా దగ్గర అబద్ధాలాడొద్దు. ఇట్లాగే ఉంటే ఏదో ఒక పూట కాలూ చెయ్యీ పడిపోతుంది, అప్పుడు నా దగ్గరికి రావద్దు" అని అరిచాడు. "మింగతా ఉండాను సార్" అంది అత్త. కాసేపాగి మళ్లీ అదే మాట, ఇంకా చిన్న గొంతుతో అంది. ఆయన మోతాదు పెంచి రాసి బెల్లు కొట్టాడు. బస్సెక్కి ఇంటికొచ్చాం.

ఆ సాయంత్రం నేను చేసిన పని కూడా చెప్పాలి. ఆమె స్నానానికి వెళ్లగానే ఆమె గుడ్డసంచి మూతి తాడు విప్పి, మాత్రల అట్టలు తీసి ఎంచాను. లెక్క సరిగ్గా సరిపోయింది. అయినా నా పాడు బుద్ధికి నమ్మకం కుదరలేదు. మింగినట్టే మింగి ఉమ్మేస్తోందేమో అనుకున్నాను. సంచి మళ్లీ ముడేసి ఎక్కడిదక్కడ పెట్టేశాను.

మర్నాడు పొద్దున్నే అత్త తేల్చి చెప్పింది. "ఇంక నేను నెల్లూరికి రాను. చంపినా రాను."

బతిమాలాను, కోప్పడ్డాను. "చిన్నపిల్లవా అత్తా?" అని గొణిగాను. ఆమె వినలేదు. నా భయం నాది. మా నానమ్మకి ఇట్లాగే ఒక పొద్దున కాలూ చెయ్యీ పడిపోయి మూడేళ్లు మంచంలో ఉంది. ఆ మూడేళ్లూ ఆమెకి ఎత్తి పోసింది ఈ అత్తే. మళ్లీ చూపించాల్సిన రోజు దగ్గరపడుతోంది, మనిషి కదలనంటోంది.

ఆ మంటలోనే రివ్యూ రాశాను. తెలివి ఎంతున్నా సరే, నోరు మంచిది కానివాడు డాక్టరే కాదని, రోగిని అవమానించడాన్ని వినోదంగా అమ్ముకుంటున్నారని చెడామడా కడిగేశాను. పత్రికలో వచ్చింది. చాలామంది భేష్ అన్నారు. ఒకతను మాత్రం, మా ఊళ్లో డాక్టరు నవ్వుతూ మాట్లాడుతూనే మా నాన్నని పోగొట్టాడు మేడం అని రాశాడు. ఆ ముక్క రెండుసార్లు చదివి పక్కన పెట్టేశాను.

శనివారం మధ్యాహ్నం అత్తకి రివ్యూ చదివి వినిపించాను. ఆ సీరియల్ నాతోపాటు ఆమె కూడా చూస్తోంది. ఆమెని వెనకేసుకొచ్చినట్టే కదా, సంతోషిస్తుందనుకున్నాను.

"తప్పు రాసినావు అమ్మణ్ణీ" అంది.

"ఏంది తప్పు?"

"సీరియల్లో ఆయప్ప తిడతాడు, నేను కాదన్లా. మీరూ గీరూ అని మర్యాద పెట్టి మరీ తిడతాడు. తిట్టినాక ఊరుకుంటాడా? కుర్చీ మంచం పక్కకి లాక్కుని కూసుంటాడు. నిన్న యాడికి పోయినావు, ఏం తిన్నావు, ఏ నీళ్లు తాగినావు, అన్నీ అడగతాడు. మన నెల్లూరాయన తిట్టి ఊరుకున్నాడు. అడగలా."

ఫోన్ తీసి పాత ఎపిసోడ్లు తిప్పి చూశాను. నిజమే! ప్రతి కథలోనూ అరుపులన్నీ అయ్యాక ఆ మనిషి కుర్చీ లాక్కుంటాడు. అంతమంది రాశాం, ఒక్కరి కంటికీ ఆ కుర్చీ ఆనలేదు. పడవలకీ వలలకీ తప్ప దేనికీ రివ్యూ చెప్పని ఈవిడకి ఆనింది.

"నువ్వన్నా అడిగినావా?" అంది అత్త, నా ముఖంలోకి చూస్తూ.

సిగ్గేసింది. నాకు సిగ్గేస్తే కోపమొస్తుంది. ప్లాస్టిక్ కుర్చీ బరబరా ఈడ్చి ఆమె మంచం పక్కన వేశాను. "సరే, ఇప్పుడడుగుతున్నా. నిన్న పొద్దున లేచిన కాడ్నుంచీ చెప్పు."

ఆమెకి ఇదేదో ఆటలాగా ఉన్నట్టుంది, కాళ్లు మడుచుకుని కూర్చుంది. "లేచినా. టీ తాగినా. మాత్ర ఏసుకున్నా. సద్దన్నం తిన్నా, ఉప్పు ఎయ్యలా."

"దాంట్లోకి?"

"కరవాడు."

"మధ్యాన్నం?"

"అన్నం, చప్పిడి పప్పు. దాంట్లోకి కరవాడు. ఉప్పులేని కూడు గొంతు దిగొద్దా?"

"రాత్రికి?"

"నువ్వు చేసిన చపాతీ. అది వట్టిది ఎట్టా తినేది? రెండు ముక్కలు కాల్చుకున్నా."

కరవాడంటే ఎండుచేప. అరవదేశం పక్కనే కదా, మా వైపు ఆ మాటే వాడుక. చేపని చీల్చి, దోసిళ్లతో ఉప్పు పట్టించి ఎండబెడతారు. మా ఇంట్లో ఆ వాసన లేని రోజుండదు కాబట్టి నా ముక్కుకి అది వాసనే కాదు.

"అత్తా, కరవాడులో ఉప్పుండదా?"

"ఉండక? లేకుంటే పురుగు పట్టిపోదూ! ఆ ఉప్పు చేపకి. నాకు కాదు గదా. ఆయన ఉప్పు మానమన్నాడు, మానినా. కరవాడు మానమన్లా."

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. మేము దాన్ని ఉప్పుచేప అని పిలిచే వాళ్లమైతే మొదటిరోజే దొరికిపోయేది. కరవాడు అన్న మాటలో ఉప్పు లేదు. తెలుగు పాఠాలు చెప్పి బతికే నాకే తట్టలేదు, ఆమెని ఏమనను? ఈలోగా అత్త తన అరచేతులు తిప్పి చూసుకుంటోంది. ఆ చేతులతో ఎన్ని బస్తాల ఉప్పు పట్టించి ఉంటుందో.

"ఓరి దేవుడా, పక్కన పెట్టిన ఉప్పు కన్నా మూడింతలు తిన్నానే! పద, పోదాం నెల్లూరికి" అంది. "ఈసారి తిట్టించుకుంటా. ఇది నేను చేసిందే."

వెళ్లాం. డాక్టరుకి ఆమే చెప్పింది, పొద్దున టీ దగ్గర్నుంచి మొదలుపెట్టి. ఆయన చెయ్యి రాస్తున్నదల్లా ఆగింది. "కరవాడంటే?" అన్నాడు. ఆయనది ఈ ప్రాంతం కాదు. నేను చెప్పాను. అంతే, మళ్లీ అందుకున్నాడు. "ఉప్పుబస్తా మింగి నా మాత్రల్ని పనిచెయ్యమంటే ఎట్లా పనిచేస్తాయమ్మా! మూడు పూటలా!"

"తిట్టండి సార్" అంది అత్త, చేతులు కట్టుకుని, హాయిగా. "ఇది నేను చేసినా. పోయినసారి తిట్టింది మాత్రం చెయ్యలా."

ఆయన ఆమెని ఒక క్షణం చూశాడు. క్షమించమంటాడేమోనని నేను ఆత్రంగా ఎదురు చూశాను. అనలేదు. "నిలబడ్డావేం, కూర్చో" అని స్టూలు ముందుకి నెట్టాడు. పెంచిన మోతాదు కొట్టేసి, కరవాడు మానేసి పదిహేను రోజులకి రమ్మన్నాడు. పదిహేను రోజులకి వెళ్లి చూపిస్తే బీపీ దిగింది కూడా.

ఆ రోజు తిరుగు బస్సులో, వెంకటాచలం దాటుతుంటే, నాకు పట్టరాని గర్వం. "చూశావా అత్తా, అబద్ధాలకోరన్నాడు నిన్ను. నోరు మూతపడిందిగా? ఆయన మాటకే కదా నువ్వు రానని మొండికేసింది."

అత్త కిటికీలోంచి బయటికి చూస్తోంది. "ఆయప్ప మాటకి రానన్లా. ముక్కూ ముఖం తెలీనోడు, ఏమంటే నాకేంది?" అంది. "ఆ పొద్దు నేను నీళ్లు పోసుకుని వచ్చేతలికి నా సంచి ముడి మారిపోయి ఉండాది. నేనేసేది వల ముడి. నీకు రాదు అది."

నేను ఆమె ఒళ్లో ఉన్న గుడ్డసంచి ముడి వైపు చూశాను.

"ఎంచినావు, సరే. సరిపోయినాయి గదా?" అంది, ఇటు తిరగకుండానే. "సరిపోయినాయత్తా అని ఒక్క మాట నాతో అనుంటే, ఆ మర్నాడే వచ్చుందును."