జల్లెడ దగ్గర బంగారం వద్దు

ముత్తయిదువలను పుస్తెలు తీసి పనికి రమ్మని చెప్పే ఉద్యోగం చేస్తానని, సిరిసిల్లలో బట్ట నేసే సాంచాల చప్పుడు మధ్య చదువుకునే రోజుల్లో ఎవరైనా అంటే నవ్వేవాణ్ణి.

కొడిమ్యాల దగ్గరి గుట్ట మీద ఎప్పటివో తవ్వకాల గుంతలున్నాయి. అక్కడ బంగారం, వెండి జాడ ఉందేమో చూడమని కంపెనీ నన్ను పంపింది. గుట్ట చుట్టూ మట్టి తీసి, జల్లించి, సంచుల్లో కట్టి పరీక్షకు పంపాలి. ఆ మట్టిలో మేం వెతికే బంగారం కంటికి కూడా ఆనదు. అందుకే జల్లెడ పట్టేవాళ్ళ ఒంటి మీద నగ ఉండకూడదు. కాస్త రాసుకున్నా ఫలితం తప్పుతుంది.

ఈ మాట వినగానే సగం మంది ఆడవాళ్ళు వెళ్ళిపోయారు. ఒకావిడ మాత్రం నా వంక అదోలా చూసి, మర్నాడు వచ్చింది. భర్త దుబాయిలో పని పోయి కూర్చున్నాడు. ఇల్లు ఈ కూలి మీదే నడవాలి.

నెల తర్వాత రిపోర్టు వచ్చింది. ఒక వరుస సంచుల్లో బంగారం! ఎగిరి గంతేశాను. అదే చోట మళ్ళీ మట్టి తీయించి పంపితే ఏమీ లేదు. "ఎవరో నగతో జల్లించారు, వాళ్ళను పనిలోంచి తీసేయ్," అన్నాడు కంపెనీ పెద్దసారు. ఆ వరుస జల్లించింది ఆవిడే.

"రేపటి నుంచి పనికి రాకు అక్కా. చెప్పినా వినకపోతివి. పుస్తెలతోనే జల్లించినవ్," అన్నాను.

ఆవిడ మెడలోని దారం బయటికి లాగింది. పచ్చటి నూలు దారం, దానికో పసుపు కొమ్ము. అంతే.

"పుస్తెలు సందుగల వెట్టి తాళమేసి గిది కట్టుకున్న. మొగడుండంగనే మెడ బోడి జేసుకున్నవని మా అత్త మూడు దినాలు నాతోని మాట్లాడలే. నీ పని కోసమే గద సారూ!"

ఆవిడ చూపు నా చేతి మీద ఆగింది.

"మరి నీ ఏలుకు గదేంది?"

పెళ్ళిలో మామగారు పెట్టిన ఉంగరం. వేలు లావెక్కి ఏళ్ళుగా ఊడిరాక, ఉన్న సంగతే మరిచాను. ఆ వరుస జల్లించిన రోజు మనుషులు తక్కువైతే ఆవిడ పక్కన కూర్చుని, మట్టి గడ్డలను జల్లెడకేసి రుద్దింది నేనే. దొంగే దొంగా దొంగా అని అరిచినట్టయింది నా పని. సిగ్గుతో చచ్చిపోయాను.

అక్కడి నుంచే పెద్దసారుకు ఫోన్ చేసి తప్పు నాదని చెప్పాను. తిట్లన్నీ తిన్నాక, రేపు పనికి రమ్మని ఆవిడను బతిమాలాను.

పొద్దున్నే వచ్చింది. పనిలోకి మాత్రం దిగలేదు. కొంగులోంచి సబ్బు బిళ్ళ తీసి, చెంబెడు నీళ్ళతో అందరి ముందూ జల్లెడ పక్కన పెట్టింది.

"ముందుగాల నువ్వు తియ్యి సారూ," అంది.