ఓడే వైపు కూర్చునే మినోబె

కాఫీ తోటలన్నీ మాడిపోయిన ఆ మంచు ఏడాదే మినోబె చచ్చిపోయాడనీ, ఆ సంగతి ఆయనకి ఎవరూ చెప్పలేదు గనక ఏటా ఆగస్టులో వచ్చిపోతున్నాడనీ బ్రెజిల్లోని మా పరనా జపానీయుల కాలనీలో ఒక మాట ఉంది. రుజువు చేసినవాళ్లు లేరు. కాదని ఒట్టేసినవాళ్లూ లేరు. అందరూ ఒప్పుకునేది ఒక్కటే: మినోబె ఏ జట్టు వైపు కూర్చుంటే ఆ జట్టు ఓడిపోతుంది.

జట్లంటే జపాన్‌లో హైస్కూలు పిల్లల బేస్‌బాల్ జట్లు. ఆగస్టులో కోషియెన్ మైదానంలో ఆడతారు. ఒక్కసారి ఓడితే ఇంటికే. ఓడినవాళ్లు ఏడుస్తూ ఆ మైదానం మట్టిని సంచుల్లోకి ఎత్తుకుని పోతారు. అక్కడ పగలైతే ఇక్కడ బ్రెజిల్లో రాత్రి. అందుకని సంఘం హాలు చూసుకునే నెల్సన్ వతారి రాత్రి ఆటని రికార్డు చేసే మిషను పెట్టి నిద్రపోతాడు, మర్నాడు మధ్యాహ్నం రెండింటికి ఆట వేస్తాడు. అప్పటిదాకా ఫలితం ఎవరికీ తెలియకూడదు. ఫోన్లన్నీ గుమ్మం దగ్గర బుట్టలో పడాలి. ముందే చూసొచ్చినవాడు నెలరోజులు వంటగది గిన్నెలు తోమాలి. అంత కఠినం.

టీవీకి అటొక వరస, ఇటొక వరస కుర్చీలు. ఎవరి తాతల ఊరి జట్టు ఆడితే వాళ్లు ఆ వైపు. అందరూ సర్దుకున్నాక తలుపు దగ్గర చల్లగాలి కొడుతుంది. ఎర్రటి కళ్లు, ఎప్పుడూ తీయని టోపీ, మంచుగడ్డల్లాంటి చేతులు. మినోబె. నలభై కిలోమీటర్ల అవతల పొలంలో ఒంటరిగా ఉంటాడు. హాలంతా ఊపిరి బిగబట్టి ఆయన ఎటు నడుస్తాడా అని చూస్తుంది. ఆ వైపు వాళ్లు అప్పుడే ముక్కులు చీదడం మొదలుపెడతారు.

ఒక ఏడాది కుమమోతో ఊరి వైపు వాళ్లు ఆయన్ని కుర్చీతో సహా ఎత్తి అవతల పెట్టారు. ఆయన టీ తాగి, లేచి, మళ్లీ వీళ్ల పక్కకే వచ్చి కూర్చున్నాడు. పదకొండు పరుగుల తేడాతో వాళ్ల జట్టు పోయింది.

"నా సెలూన్‌కి పదహారేళ్లలో ఒక్కసారీ రాలేదు," అనేది రోజెలి తొబిత. ఊళ్లో సగం తలలు ఆమె కత్తెర కిందవే. "మనిషైతే జుట్టు పెరగదా, ఫుమికో పిన్నీ?"

"చచ్చినవాళ్లకి కూడా కొన్నాళ్లు పెరుగుతుందంటారే," అనేది ఫుమికో. "ఇతగాడు ఆ దశ కూడా దాటాడు."

"మరి కొత్త చెప్పులేసుకొచ్చాడేం?"

"అక్కడ మాత్రం చెప్పులు అరగవా ఏం?"

ఈ కబుర్లతో రోజెలికి పొద్దుపోయేది. కానీ ఆ ఏడాది ఆమెకి నవ్వు రాలేదు. వాళ్ల నాన్న యసువో పుట్టిన రేవు ఊరి బడి, కజానె హైస్కూలు, యాభై ఎనిమిదేళ్ల తర్వాత కోషియెన్‌కి వచ్చింది. ఒకప్పుడు ఆయన ఆ బడికే ఆడాడు. ఏడాదిన్నర కిందట భార్య పోయినప్పటి నుంచి గోడకేసి తిరిగి పడుకున్న మనిషి, ఎవరితోనూ మాట్లాడని మనిషి, ఆ కబురు విని లేచి కూర్చుని గంజి కావాలని సైగ చేశాడు. వారం నుంచి మూడుపూటలా తింటున్నాడు. జట్టు ఓడితే మళ్లీ గోడకే తిరుగుతాడని రోజెలి భయం.

ఆట వేసే రోజు మధ్యాహ్నం, పొట్లంలో వేడి పస్తేలు, నూనెలో వేయించిన కజ్జికాయల్లాంటివి, పట్టుకుని ఆమె బస్సు దగ్గర కాపు కాసింది. ఆగస్టు మాకు చలికాలం; పొగమంచులోంచి మినోబె దిగాడు. కళ్లు నిప్పుకణికల్లా ఉన్నాయి.

"మినోబె గారూ, ఇవి మీకే. మాంసం పెట్టినవి. ఇవాళ మాత్రం అవతలి వైపు కూర్చోండి, మీకు పుణ్యముంటుంది."

ఆయన పొట్లం తీసుకున్నాడు. ఆయన వేలు తగిలి రోజెలికి మోచేతి దాకా జిల్లుమంది.

"మీ నాన్న పక్కన కుర్చీ ఖాళీగా ఉందామ్మా?" అన్నాడు.



రెండింటికి టీవీలో ఆట మొదలుపెట్టే సైరన్ మోగింది. ఎప్పటిలాగే ఊళ్లో కుక్కలన్నీ ఏడ్చాయి. మినోబె వచ్చి, యసువో చక్రాల కుర్చీ పక్కన కూర్చుని, ఒక పస్తేల్ ఆయన చేతిలో పెట్టాడు. దయ్యం పోవాలని వెనక వరసలో ఎవరో పిడికెడు ఉప్పు చల్లారు.

అయితే వింత, కజానె పిల్లలు మూడో ఇన్నింగ్స్‌లోనే రెండు పరుగులు చేశారు. హాలు అదిరిపోయింది. "దయ్యానికి కూడా దృష్టి మందగించింది," అంది ఫుమికో. రోజెలి కాస్త ఊపిరి పీల్చుకుని, టీ పోసే వంకతో వంగి చూసింది. మినోబె ఒళ్లో స్కోరు పుస్తకం తెరిచి ఉంది. టీవీలో నాలుగో ఇన్నింగ్స్ నడుస్తోంది. పుస్తకంలో ఆఖరిదైన తొమ్మిదో ఇన్నింగ్స్ దాకా సిరాతో నిండిపోయి ఉంది.

టీ కప్పులో కాకుండా సాసరులో పోసింది.

ఆ తర్వాత ఆమె ఆట చూడలేదు, మినోబెనే చూసింది. ఆరో ఇన్నింగ్స్‌లో ఆయన ఉన్నట్టుండి యసువో వైపు వంగాడు. "మీ రోజుల్లో చేతిలోకొచ్చిన బంతి వదిలేస్తే ఏం చేసేవారండీ?"

యసువో పెదవులు కదిలాయి. ఏడాదిన్నరగా వాడని గొంతు కీచుమంది. "మాస్టారు బూటు విసిరేవాడు. ఒకసారి బూటు సముద్రంలో పడింది. ఒంటి బూటుతో ఇంటికెళ్లాడు."

యసువో కిసకిస నవ్వాడు. సరిగ్గా అప్పుడే టీవీలో కజానె కుర్రాడి చేతిలోంచి బంతి జారింది. ఒక పరుగు పోయింది. హాలు మూలిగింది. యసువో మాత్రం, "బూటు తెండ్రా," అని నవ్వుతూనే ఉన్నాడు.

ఎనిమిదోదాంట్లో మినోబె రేవు ఊళ్లో దొరికే చేపల గురించి అడిగాడు. అవతలి జట్టు స్కోరు సమం చేసేసరికి యసువో చేపల పేర్లలో ఉన్నాడు. దెబ్బ తగలబోయే ప్రతి చోటా మినోబె ముందే దిండు సర్దుతున్నాడు. రోజెలికి ఒళ్లు గగుర్పొడిచింది, కానీ ఈసారి భయంతో కాదు. ఆ ఎర్రటి కళ్లు ఆమెకి తెలుసు. నాన్న మంచం పట్టిన రోజుల్లో రాత్రంతా మేలుకుని, పొద్దున్న అద్దంలో తను చూసుకున్న కళ్లే అవి.

తొమ్మిదోదాంట్లో అవతలివాళ్లు ఇంకొక పరుగు తీసి గెలిచారు. మూడు, రెండు. మళ్లీ సైరన్. పిల్లలు వరసగా నిలబడి వంగారు. మినోబె కూడా లేచి, టోపీ తీసి వంగాడు. తలమీద ఒక్క వెంట్రుక లేదు, కోడిగుడ్డు.

"ఓడినవాళ్లం మట్టి ఎత్తుకోవాలి కదండీ, పదండి," అని మినోబె కుర్చీ తోసుకుంటూ హాలు వెనక మైదానంలోకి తీసుకెళ్లాడు. జేబులోంచి గుడ్డ సంచి తీశాడు. దానిమీద బడి పేరు, తేదీ అప్పటికే రాసి ఉన్నాయి. యసువో వంగి రెండు దోసిళ్లు ఎత్తాడు.

"కోషియెన్ మట్టి నల్లగా ఉంటుంది," అన్నాడు అనుమానంగా. "ఇది ఎర్రగా ఉందేం?"

"టీవీలో రంగులు సరిగ్గా రావండీ."

యసువో సంచి ఒళ్లో పెట్టుకుని, రాత్రికి గంజి వద్దు, చేప కావాలన్నాడు.

బస్సు దగ్గర రోజెలి ఆయన్ని పట్టుకుంది. మినోబె చల్లటి గ్వరానా కూల్‌డ్రింకు డబ్బాని కళ్లకి ఆనించుకుని నిలబడ్డాడు. రెండు చేతులూ తడి.

"రాత్రంతా మేలుకుని అన్ని ఆటలూ ముందే చూసేస్తారు కదూ? ఎవరు ఏడుస్తారో తెలుసుకుని, వాళ్ల పక్కన కూర్చోడానికి అంత దూరం నుంచి వస్తారు కదూ? పదహారేళ్లుగా మిమ్మల్ని దయ్యం అంటుంటే నోరెత్తలేదు."

మినోబె బస్సు మెట్టెక్కి, టోపీ చెవుల దాకా లాక్కున్నాడు.

"నేనా? ఏడు కొడితే పడుకుంటానమ్మా. ముందే చూడటమేంటి, గిన్నెలెవరు తోముతారు? ఈ కథలన్నీ ఎవరు పుట్టిస్తారో ఏమో," అని గట్టిగా ఆవులించాడు. "అయినా ఆ మంచు ఏడాదే పోయినవాణ్ని. కావాలంటే ఫుమికో గారిని అడుగు."