ఊఁ కొట్టే సభ

మరమగ్గాల మోతలో ముప్పై ఏళ్లుగా పనిచేస్తున్న కైలాసం మెల్లగా మాట్లాడలేడు. ఆ గొంతు కథ చెప్పడానికి అక్కరకొస్తుంది. తంబూర భుజానికి ఆనించి, ఒక్కో వాక్యం చెప్పి, వినేవాళ్లు ఊఁ కొట్టడానికి కాస్త ఆగుతాడు. మంచిర్యాలలో టికెట్ పెట్టిన సభలో మొదటిసారి ఒంటరిగా కథ ఎత్తుకున్నాడు. జనం కదలకుండా కూర్చున్నారు. నాలుగు వాక్యాలైనా ఒక్క ఊఁ రాలేదు. కథ నచ్చలేదనుకుని తీగ మీద వేలు ఆపేశాడు.

"మంచిగనే వింటున్నరు పెద్దబాపూ, గందుకే సప్పుడు చేస్తలేరు," అంది సభ నడిపే భవ్యశ్రీ పక్కనుంచి.

"వింటే ఊఁ అనాలె బిడ్డా. పీనుగ కాడన్న ఇంత సప్పుడుంటది."

జనం నవ్వారు. ఆపిన వాక్యాన్నే ఆయన మళ్లీ చెప్పాడు. ఈసారి హాలంతా ఊఁ అంది. కైలాసం తలెత్తి, చెవి దగ్గర చెయ్యి పెట్టి, ఇంకోసారి అనిపించుకున్నాడు. అప్పుడు గానీ కథ ముందుకు కదపలేదు.